బుధవారం ఉదయం లెదర్ బాల్ మ్యాచ్: 9:30కల్లా గ్రౌండ్ ఖాళీ చేయాలంటే ఎన్ని ఓవర్లు పెట్టాలి?

బెళ్ళందూర్ ఎలెవన్ | గురువారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వచ్చే బుధవారం, నవంబర్ 19న, సర్జాపుర రోడ్డు వైపు ఒక గ్రౌండ్‌లో ఉదయం 6 నుంచి 9:30 దాకా స్లాట్ దొరికింది. మ్యాటింగ్ వికెట్ (నేల మీద చాప పరిచిన పిచ్), లెదర్ బాల్. మా క్లబ్ ఇప్పటిదాకా ఆదివారాలే ఆడింది, వారం మధ్యలో ఆడటం ఇదే మొదలు. అవతలి టీమ్ 20 ఓవర్లు కావాలంటోంది. 9:30కి తర్వాతి బుకింగ్ వాళ్ళు లోపలికి వచ్చేస్తారు, రెండు టీముల్లోనూ సగం మందికి పదిన్నరకు ఆఫీసు.

ఎన్ని ఓవర్లు సరిపోతాయి? ఈ నెలలో మంచు సంగతి ఏంటి? చాప పిచ్ మీద ముందుగా ఏమేం చూసుకోవాలి? వాన పడితే టార్గెట్ ఎలా లెక్కేయాలి? అంపైర్లు మా ఆటగాళ్ళే. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

స్కోరుబుక్కు | గురువారం, రాత్రి 10:05

ముందు గడియారం లెక్క తేల్చుకోండి. మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి.

నవంబర్ 19న బెంగళూరులో సూర్యోదయం 6:20 ప్రాంతంలో. ఆరింటికే తెల్లారినట్టు అనిపిస్తుంది గానీ బౌలర్ చేతిలోంచి వచ్చే లెదర్ బంతి బ్యాటర్‌కి సరిగా కనబడేది 6:30కే. అంటే మీ చేతిలో ఉన్నది మూడున్నర గంటలు కాదు, సరిగ్గా 180 నిమిషాలు.

అంతర్జాతీయ టీ20లో 20 ఓవర్లకు ఇచ్చే సమయం 85 నిమిషాలు. ఓవర్‌కి 4 నిమిషాల 15 సెకన్లు. అక్కడ బౌండరీ బయట బంతి అందించేవాళ్ళుంటారు, తర్వాతి బ్యాటర్ డగౌట్‌లో ప్యాడ్లు కట్టుకుని రెడీగా ఉంటాడు. క్లబ్ మ్యాచ్‌లో ఓవర్‌కి నాలుగున్నర నిమిషాలు పడితే చురుగ్గా ఆడినట్టే. ఆ లెక్కన 20 ఓవర్లకు 90 నిమిషాలు, రెండు ఇన్నింగ్స్‌కి 180, మధ్యలో 10 నిమిషాల విరామం. 6:30కి మొదలుపెడితే 9:40 అవుతుంది. ఒక్క బంతి కూడా పోకుండా, ఒక్కరికీ దెబ్బ తగలకుండా ఆడితేనే ఇది. కాబట్టి 20 కుదరదు.

16 ఓవర్లయితే 72, 72, విరామం 10. మొత్తం 154 నిమిషాలు, 9:04కి ముగుస్తుంది. చివర్లో 26 నిమిషాలు మిగులుతుంది. ఆ మిగులు లేకుండా వారం మధ్య మ్యాచ్ పెట్టొద్దు.

కడప లెఫ్టీ | గురువారం, రాత్రి 10:31

అన్నా, 6:10కే మొదలుపెడితే 18 ఓవర్లు పడతాయి కదా? టెన్నిస్ బాల్ వాళ్ళు ఆరింటికే ఆడేస్తుంటారు.

తెల్లకోటు | గురువారం, రాత్రి 10:50

టెన్నిస్ బాల్‌తో పోలిక పెట్టకు తమ్ముడూ. లెదర్ బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాములు, అదీ చాప మీద నుంచి ఛాతీ ఎత్తుకు లేస్తుంది. వెలుతురు ప్రమాదకరంగా ఉందా లేదా తేల్చేది క్రికెట్ చట్టాల ప్రకారం అంపైర్లు, కెప్టెన్లు కాదు. 6:10కి లెగ్ అంపైర్ స్థానంలో నిలబడి బంతి సీమ్ (కుట్టు) కనబడుతోందేమో చూడండి. కనబడకపోతే మొదలుపెట్టకూడదు. నేనైతే 6:30కి ఒక్క నిమిషం ముందు కూడా ఒప్పుకోను.

హొసకోటె ఆఫ్ స్పిన్ | గురువారం, రాత్రి 11:02

16 కన్నా 15 మేలు. ఒక్కో బౌలర్‌కి మొత్తం ఓవర్లలో ఐదో వంతు అన్న నియమం పెడితే 16 ఓవర్లలో ఒకరికి 4, మిగతా నలుగురికి 3 చొప్పున వస్తాయి. ఆ నాలుగో ఓవర్ ఎవరికన్న దగ్గర, ఎవరిది అయిపోయిందన్న దగ్గర ప్రతి మ్యాచ్‌లోనూ స్కోరర్‌ని అడుగుతూ ఆట ఆపుతారు. 15 అయితే ఐదుగురు, తలా 3, అయిపోయింది. టైమూ 145 నిమిషాలకు దిగుతుంది, 8:55కి ముగుస్తుంది.

ఫీల్డింగ్ ఆంక్షలు మొదటి 4 ఓవర్లు పెట్టుకోండి. ఆ 4 ఓవర్లూ సర్కిల్ (పిచ్ చుట్టూ గుర్తుపెట్టే లోపలి వలయం) బయట ఇద్దరు ఫీల్డర్లు, తర్వాత ఐదుగురు.

స్కోరుబుక్కు | గురువారం, రాత్రి 11:15

ఒప్పుకుంటున్నా. 15 పెట్టండి.

నిమిషాలు ఎక్కడ పోతాయో కూడా చెప్తా. ఒక బంతి ఆగిపోయి, అది తిరిగి బౌలర్ చేతికి చేరి, అతను పరుగు మొదలుపెట్టి మళ్ళీ వేసేదాకా సుమారు 35 సెకన్లు. ఆరు బంతులకు మూడున్నర నిమిషాలు. ఓవర్ మారేటప్పుడు ముప్పావు నిమిషం. అక్కడికి నాలుగుంపావు. ఇక మిగిలిన పావు నిమిషం ఎన్నిసార్లు అరనిమిషమో, నిమిషమో అవుతుందన్నదే ప్రశ్న.

అన్నిటికన్నా ఎక్కువ తినేది వైడ్లు. ఇన్నింగ్స్‌లో 12 వైడ్లు పడ్డాయనుకోండి, ఒక్కోదానికి 35 సెకన్లు వేసుకున్నా 7 నిమిషాలు. ఒకటిన్నర ఓవర్ల సమయం అది. 12 పరుగులు పోవడం అందరికీ కనబడుతుంది, ఆ 7 నిమిషాలు ఎవరికీ కనబడవు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు బౌలర్లు ఒళ్ళు వేడెక్కకుండా బంతి అందుకుంటే మొదటి రెండు ఓవర్లలోనే సగం వైడ్లు వేస్తారు. ఓపెనింగ్ బౌలర్లిద్దరూ 6:10కి పక్కన నెట్స్‌లోనో, బౌండరీ దగ్గరో తలా 12 బంతులు పూర్తి రనప్‌తో వేసి రావాలి.

రెండోది బ్యాటర్ రాక. చట్టం 40 ప్రకారం వికెట్ పడ్డాక కొత్త బ్యాటర్ గానీ, రెండో బ్యాటర్ గానీ బంతిని ఎదుర్కొనేందుకు సిద్ధం కావడానికి 3 నిమిషాలుంది. అన్ని నిమిషాలూ వాడుకుంటే ఏడు వికెట్లకు 21 నిమిషాలు పోతాయి. తర్వాతి ఇద్దరూ ప్యాడ్లు, గార్డు, హెల్మెట్‌తో బౌండరీ గీత దగ్గరే కూర్చోవాలి. నిమిషంలో లోపలికి.

మూడోది కెప్టెన్. తర్వాతి ఓవర్ ఎవరిదో ప్రస్తుత ఓవర్ నాలుగో బంతికే చెప్పేయాలి. ఓవర్ అయ్యాక చేతులు నడుం మీద పెట్టుకుని ఆలోచించే కెప్టెన్ ఇన్నింగ్స్‌కి పది నిమిషాలు పోగొడతాడు.

చాప వికెట్ | శుక్రవారం, ఉదయం 7:20

చాప గురించి అడిగారు. దీని మీద ఎంత జాగ్రత్త పడ్డా ఎక్కువ కాదు, ఎందుకంటే మ్యాటింగ్ మీద జరిగే దెబ్బల్లో చాలావరకు బౌలర్ వేగం వల్ల కాదు, చాప సరిగా పరచకపోవడం వల్ల.

చట్టం 6 ప్రకారం కృత్రిమ పిచ్ కనీసం 17.68 మీటర్ల పొడవు, 1.83 మీటర్ల వెడల్పు ఉండాలి. ఈ 17.68 ఎక్కడిదంటే, వికెట్ల మధ్య దూరం 20.12 మీటర్లు, రెండు వైపులా స్టంప్స్ నుంచి పాపింగ్ క్రీజ్ (బ్యాటర్ నిలబడే గీత) దాకా ఉన్న 1.22 మీటర్లు తీసేస్తే మిగిలేది అదే. అంటే కనీస కొలత చాప సరిగ్గా పాపింగ్ క్రీజ్ దగ్గర ఆగిపోతుంది. బౌలర్ ముందు కాలు పడేది కూడా అక్కడే. ఆ అంచు అంగుళం లేచి ఉన్నా బౌలర్ మడమ ఇరుక్కుంటుంది. అందుకే రెండు చివర్ల మేకులు మొదట చూడండి, పక్క మేకులు తర్వాత.

గ్రౌండ్ మనిషిని 5:45కే రమ్మనండి. ముందు అడుగున ఉన్న మట్టి పిచ్ ఊడవాలి. చీపురుతో ఒకసారి, తర్వాత చేత్తో తడిమి ఒకసారి. గుడ్ లెంగ్త్ (బంతి ఎక్కువగా పడే చోటు) దగ్గర చాప కింద సెనగ గింజంత రాయి ఉన్నా బంతి ఒకసారి మోకాలికి, ఒకసారి గడ్డానికి వస్తుంది. తర్వాత చాప పరిచి ఒక చివర మేకులు కొట్టేయాలి, రెండో చివర ముగ్గురు కలిసి వెనక్కి వాలి లాగి పట్టుకోవాలి, అప్పుడు కొట్టాలి. పక్కలు ఆఖరున, మధ్య నుంచి చివర్లకు. మధ్యలో కొట్టకుండా చివర్ల నుంచి మొదలుపెడితే ముడత అంతా మధ్యకు చేరుతుంది. మేకు తల చాపలోకి దిగిపోవాలి, బొటనవేలితో తడిమితే తగలకూడదు.

పరీక్ష ఎలా అంటే, పిచ్ మధ్యలో కూర్చుని రెండు వేళ్ళతో చాపను గిల్లి పైకి లాగండి. వేలు దూరేంత లేస్తే వదులుగా ఉన్నట్టు. తర్వాత పాత బంతి ఒకటి భుజం ఎత్తు నుంచి ఏడెనిమిది చోట్ల వదిలి చూడండి. ఒకచోట మోకాలి దాకా లేచి, జానెడు పక్కన చీలమండ దగ్గరే ఆగిపోతే ఆ జానెడు కింద ఏదో ఉంది. చాప లేపి చూడాల్సిందే. బద్ధకించొద్దు.

గ్రౌండ్ వాళ్ళతో కన్నడంలో "ఇన్నూ స్వల్ప బిగి మాడి" అంటే చాలు, మన బిగించడమే.

కడప లెఫ్టీ | శుక్రవారం, ఉదయం 7:48

ఉదయం చాప తడిగా ఉంటే?

చాప వికెట్ | శుక్రవారం, ఉదయం 8:10

మంచి ప్రశ్న. కొబ్బరి పీచైనా, జనపనారైనా తడిస్తే నార ఉబ్బి పొడవు తగ్గుతుంది, ఆరితే మళ్ళీ సాగుతుంది. కాబట్టి తడి చాపను ఎంత బిగించి కొట్టినా ఎండెక్కి ఏడున్నర, ఎనిమిది అయ్యేసరికి వదులవుతుంది. మొదటి ఇన్నింగ్స్‌లో బాగున్న పిచ్ రెండో ఇన్నింగ్స్‌లో చెడిపోయిందని అంటారే, చాలాసార్లు కారణం ఇదే. ముందురోజు సాయంత్రం చాప చుట్టి కప్పు కిందో, టార్పాలిన్ కిందో పెట్టమని అడగండి. కుదరకపోతే విరామంలో ఇద్దరు సుత్తితో మళ్ళీ ఒక చివర లాగి కొట్టాలి. ఐదు నిమిషాల పని.

బూట్లు రబ్బరు స్టడ్స్‌వే. ఇనప స్పైక్స్ పీచులో చిక్కుకుని చాపనీ చింపుతాయి, చీలమండనీ తిప్పుతాయి. టాస్ ముందే రెండు టీములకూ చెప్పేయండి.

కొత్త బంతి | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

చాప మీద ఎలా వేయాలో కూడా ఒక మాట. పీచు సీమ్‌ని పట్టుకుంటుంది. పచ్చిక పిచ్ మీద గాలిలో స్వింగ్ కోసం చూసే బౌలర్ ఇక్కడ కట్టర్లు (వేళ్ళతో కోసినట్టు వదిలి, పడ్డాక పక్కకు తిరిగేలా వేసే బంతులు) వేయాలి. 1956 అక్టోబర్‌లో కరాచీలో మ్యాటింగ్ మీద జరిగిన టెస్టులో పాకిస్తాన్ బౌలర్ ఫజల్ మహమూద్ ఆస్ట్రేలియా మీద 114 పరుగులకు 13 వికెట్లు తీశాడు, ఆయుధం ప్రధానంగా లెగ్ కట్టరే. చాప అడుగున గట్టి నేల, వేళ్ళతో బంతిని కోసే నేర్పు కలిస్తే అంతే. మీడియం పేస్ చాలు. చూపుడు వేలు, మధ్య వేలు సీమ్ మీద పెట్టి, వదిలేటప్పుడు మధ్య వేలిని బంతి పక్కగా కిందికి లాగండి. లెంగ్త్ మాత్రం మామూలుగా వేసే దానికన్నా అడుగున్నర ముందుకు. బౌన్స్ ఎక్కువ కాబట్టి మామూలు లెంగ్త్ బంతి స్టంప్స్ మీదుగా వెళ్ళిపోతుంది. స్టంప్ ఎత్తు 71.1 సెంటీమీటర్లే కదా.

ఇక బంతి. నాలుగు ముక్కల బంతే (నాలుగు తోలు ముక్కలు కుట్టి చేసినది) కొనండి, రెండు ముక్కలది వద్దు. రెండు ముక్కల బంతి చాప మీద పదో ఓవర్‌కల్లా ఆకారం పోయి కోడిగుడ్డు అవుతుంది. చాప తోలును ఆకురాయిలా గీకుతుంది, ఎనిమిది తొమ్మిది ఓవర్లకు మెరుపు పోతుంది. అయినా 15 ఓవర్లకు ఒక్క బంతి సరిపోతుంది. ఇన్నింగ్స్‌కి ఒక కొత్త బంతి, దాంతోపాటు స్పేర్‌గా మూడు పాతవి: సుమారు 4 ఓవర్లు ఆడినది, 8 ఆడినది, 12 ఆడినది. బంతి గోడ దాటి పోతే చట్టం ప్రకారం అరుగుదలలో దానికి దగ్గరగా ఉన్న బంతినే ఇవ్వాలి. కొత్త బంతి ఇస్తే బ్యాటింగ్ టీమ్‌కి అన్యాయం. స్పేర్లు అంపైర్ జేబులో ఒకటి, స్కోరర్ బల్ల మీద రెండు ఉండాలి, కిట్ బ్యాగ్ అడుగున కాదు.

మారతహళ్ళి కీపర్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:02

ఎరుపా తెలుపా అన్నది కూడా తేల్చుకోండి. ఈ గ్రౌండ్లలో సైట్ స్క్రీన్ ఉండదు. బౌలర్ వెనక చెట్లుంటే 6:30 వెలుతురులో ఎర్ర బంతి చెట్ల నీడలో కలిసిపోతుంది. రంగు జెర్సీలు వేసుకుని తెల్ల బంతి వాడటం మేలు.

కొత్త బంతి | శుక్రవారం, మధ్యాహ్నం 2:20

తెల్ల బంతి తడి గడ్డిలో నాలుగు ఓవర్లకే మట్టి రంగు అవుతుంది అన్నా. అప్పుడు అది చెట్ల మీదా కనబడదు, చాప మీదా కనబడదు. మంచు ఉన్న ఉదయానికి నేను ఎర్ర బంతే అంటాను.

మారతహళ్ళి కీపర్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:41

అది గడ్డి ఎంత ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఎర్రమట్టి ఔట్‌ఫీల్డ్ అయితే నువ్వన్నదే నిజం. పచ్చిక నిండుగా ఉంటే మట్టి అంటదు, తడి మాత్రమే అంటుంది, తుడుచుకోవచ్చు. ముందురోజు సాయంత్రం ఎవరో ఒకరు వెళ్ళి బౌలర్ చేతి వెనక ఏముందో, ఔట్‌ఫీల్డ్ ఏ రకమో చూసి నిర్ణయించండి.

మంచుకు విరుగుడు తాడు. 40, 50 మీటర్ల లావుపాటి తాడు, రెండు చివర్లా ఇద్దరు పట్టుకుని ఔట్‌ఫీల్డ్ మీద గడ్డిని ఒరుసుకుంటూ ఈ బౌండరీ నుంచి ఆ బౌండరీకి నడవాలి. గడ్డి కొసల మీది నీటి బొట్లు నేలకు రాలతాయి. రెండు విడతలు లాగితే బంతి తడిచేది సగానికి సగం తగ్గుతుంది. 6:10కి ఒకసారి, 6:25కి ఒకసారి. ఎనిమిది దాటాక ఎండ చూసుకుంటుంది.

తువ్వాళ్ళు మూడు, పొడివి. ఒకటి నా లాంటి కీపర్ నడుముకి, ఒకటి మిడాన్‌కి, ఒకటి అంపైర్‌కి. బంతిని గుడ్డతో తుడవడం చట్టం 41 ఒప్పుకుంటుంది. నేలకేసి రుద్దడం ఒప్పుకోదు. కీపర్ గ్లోవ్స్ లోపలి ఇన్నర్స్ రెండు జతలు ఉండాలి, తడిసిన ఇన్నర్‌తో పది ఓవర్లు పట్టాక చేతికి బంతి తెలియదు.

తెల్లకోటు | శుక్రవారం, రాత్రి 9:10

ఎవరూ అడగలేదు గానీ, పిచ్ ఏ దిక్కుకు ఉంది? ఉత్తర దక్షిణాలుగా ఉంటే సరే. స్థలం కుదరక తూర్పు పడమరలుగా వేసిన గ్రౌండ్లు శివార్లలో ఉన్నాయి. నవంబర్‌లో సూర్యుడు తూర్పుకు కాస్త దక్షిణంగా లేస్తాడు. తూర్పుకు తిరిగి నిలబడిన బ్యాటర్‌కి 6:40 నుంచి దాదాపు గంటసేపు ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది. లెదర్ బంతికి ఇది చాలా ప్రమాదం.

అలాంటి గ్రౌండ్ అయితే మొదటి ఇన్నింగ్స్ మొత్తం పడమటి చివర నుంచే వేయించండి. బ్యాటర్, కీపర్ ఇద్దరూ పడమరకు చూస్తారు. ఎండ బౌలర్, అంపైర్ కళ్ళలో పడుతుంది, టోపీతో సర్దుకోవచ్చు. చట్టం ప్రకారం ఓవర్లు రెండు వైపుల నుంచీ మారుతూ పడాలి, కాబట్టి ఇది ఇద్దరు కెప్టెన్లూ టాస్ ముందు ఒప్పుకుని రాసుకోవాలి. ఓవర్ అయ్యాక ఫీల్డర్లు కదలక్కర్లేదు, బ్యాటర్లిద్దరే చోటు మారతారు. ఓవర్‌కి అరనిమిషం మిగులుతుంది కూడా.

బెళ్ళందూర్ ఎలెవన్ | శుక్రవారం, రాత్రి 9:32

ఇప్పుడే మ్యాప్‌లో చూశా. పిచ్ దాదాపు తూర్పు పడమరలే! చాలా థాంక్స్ అన్నా, ఇది మా ఎవరికీ తట్టలేదు. వైడ్లు, ఎల్బీడబ్ల్యూ ఎలా? బ్యాటింగ్ టీమ్ వాళ్ళే నిలబడతారు.

తెల్లకోటు | శుక్రవారం, రాత్రి 10:04

వైడ్‌కి గీత గీసేయండి, వాదన ఉండదు. మిడిల్ స్టంప్ మధ్య నుంచి రిటర్న్ క్రీజ్ (పక్కన ఉండే నిలువు గీత) 1.32 మీటర్లు. పరిమిత ఓవర్ల మ్యాచ్‌లలో వైడ్ గుర్తు దానికి 43 సెంటీమీటర్లు లోపల, అంటే మిడిల్ స్టంప్ నుంచి సుమారు 89 సెంటీమీటర్ల దగ్గర. చాప మీద సున్నం నిలవదు, తడిస్తే అసలే నిలవదు. తెల్ల పెయింట్ గానీ, మేకుతో బిగించిన తెల్ల నాడా గానీ వాడండి. లెగ్ వైపు, కాళ్ళ వెనక నుంచి పోయిన ప్రతిదీ వైడ్ అని ముందే చెప్పుకోండి.

ఎల్బీడబ్ల్యూకి మూడు ప్రశ్నలు వరసగా వేసుకోవాలి. లెగ్ స్టంప్ బయట పడిందా? పడితే నాటౌట్, ఇక ఆలోచించక్కర్లేదు. తగిలింది స్టంప్స్‌కి ఎదురుగానా? ఆఫ్ స్టంప్ బయట తగిలితే, బ్యాటర్ ఆడే ప్రయత్నం చేశాడా? ఆఖరున, వికెట్‌కి తగిలేదేనా? చాప మీద ఈ ఆఖరి ప్రశ్నే ముఖ్యం. మోకాలి పైన తగిలిన బంతి చాలావరకు స్టంప్స్ మీదుగా పోతుంది. బ్యాటర్ క్రీజ్ దాటి ముందుకొచ్చి ఉంటే ఇంకా ఖాయం.

నడుము పైకి నేరుగా వచ్చిన ఫుల్ టాస్ నో బాల్, స్పిన్నర్ వేసినా అంతే. 2017 చట్టాలతో వేగాన్నిబట్టి ఉన్న తేడా పోయింది.

గ్రౌండ్ లోపల చెట్టు కొమ్మ గానీ, కరెంటు తీగ గానీ ఉంటే టాస్ ముందే తేల్చుకోండి. బౌండరీగా లెక్కిస్తామని ముందు చెప్పుకోకపోతే అది బౌండరీ కాదు, తగిలినా ఆట సాగుతూనే ఉంటుంది.

హొసకోటె ఆఫ్ స్పిన్ | శనివారం, ఉదయం 8:25

సర్కిల్ కోసం 27.43 మీటర్ల తాడు కొలిచి తీసుకెళ్ళండి. మిడిల్ స్టంప్ దగ్గర ఒక చివర పట్టుకుని రెండు వైపులా అర్ధవృత్తాలు, వాటిని పిచ్‌కి సమాంతరంగా కలుపుతూ గీతలు. పన్నెండు ప్లాస్టిక్ డిస్కులు చాలు, 5 నిమిషాలు.

ఆలస్యంగా వచ్చేవాళ్ళ సంగతి మరచిపోకండి. వారం మధ్యలో ఇది ఖాయంగా ఉంటుంది. చట్టం 24 ప్రకారం ఆట మొదలయ్యాక అరగంట ఆలస్యంగా ఫీల్డ్‌లోకి వచ్చినవాడు అరగంట ఫీల్డింగ్ చేస్తేగాని బౌలింగ్ చేయకూడదు. 67 నిమిషాల ఇన్నింగ్స్‌లో ఆ రెండు అరగంటలూ కలిపితే దాదాపు మొత్తం. అలా ఆగాల్సిన సమయం ఫీల్డింగ్‌లో తీరకుండా మిగిలితే బ్యాటింగ్‌కీ వర్తిస్తుంది, ఐదు వికెట్లు పడేదాకా ఆగాలి. అతని బదులు నిలబడ్డ సబ్‌స్టిట్యూట్ బౌలింగ్ చేయలేడు. కాబట్టి కె.ఆర్.పురం వంతెన దాటి రావాల్సిన వాడిని ఓపెనింగ్ బౌలర్‌గా రాసుకోకండి. ఈ నియమం వద్దనుకుంటే ఇద్దరు కెప్టెన్లూ ముందే మానుకోవచ్చు, అదీ రాసుకోవాలి.

మారతహళ్ళి కీపర్ | శనివారం, ఉదయం 9:15

హెల్మెట్ గురించి ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నా. చాప మీద, ఉదయపు వెలుతురులో, అలవాటు లేని బౌన్స్‌తో ఆడుతున్నారు. గ్రిల్ ఉన్న హెల్మెట్, బీఎస్ 7928:2013 (బ్రిటిష్ భద్రతా ప్రమాణం) అన్న గుర్తు ఉన్నదే. పాత హెల్మెట్లలో గ్రిల్‌కి, పైనున్న అంచుకి మధ్య సందు ఎక్కువ ఉంటుంది. బంతి దూరుతుందేమో ముందు చేత్తో పెట్టి చూడండి. దూరితే ఆ హెల్మెట్ పనికిరాదు. మెడ వెనక గార్డు కూడా బిగించుకోండి. 2014 నవంబర్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ ప్రాణం తీసిన దెబ్బ తగిలింది మెడ పక్కనే.

బ్యాటర్‌కి బాగా దగ్గరగా ఉండే షార్ట్ లెగ్, సిల్లీ పాయింట్‌లో హెల్మెట్ లేకుండా ఎవరినీ నిలబెట్టొద్దు, రెండు బంతులకే అయినా సరే. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో భారత బ్యాటర్ రమణ్ లాంబా పోయింది క్లబ్ మ్యాచ్‌లోనే, షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి. ఆయన టెస్టులు ఆడినవాడు. అది గుర్తుంచుకుంటే చాలు.

తలకు దెబ్బ తగిలితే ఆ మనిషి ఆ రోజుకి ఆట ఆపేయాలి. బాగానే ఉన్నానన్నా సరే. బండి నడుపుకుంటూ ఆఫీసుకు పంపొద్దు, తోడు ఒకరు ఉండాలి. వాంతి, మగత, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగడం, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికి, లేదా 108కి. అతని బదులు ఇంకొకరు బ్యాటింగ్, బౌలింగ్ చేయొచ్చని టాస్ ముందే ఒప్పుకుంటే ఎవరూ దెబ్బ దాచుకుని ఆడరు.

కిట్‌లో ఐస్ ప్యాక్‌లు రెండు, క్రేప్ బ్యాండేజ్, కత్తెర, ఓఆర్‌ఎస్ పొట్లాలు. ఒక పెద్ద పొట్లానికి లీటరు నీళ్ళు, సగం నీళ్ళలో కలిపి చిక్కగా తాగించకూడదు.

స్కోరుబుక్కు | శనివారం, ఉదయం 11:30

వాన లెక్క మిగిలింది. నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే బెంగళూరులో రోజంతా ముసురు పట్టొచ్చు.

చాలా క్లబ్బులు సగటు రన్‌రేట్ పెడతాయి. అది రెండోసారి బ్యాటింగ్ చేసే టీమ్‌కి మేలు చేస్తుంది, ఎందుకంటే ఓవర్లు తగ్గినా వికెట్లు పదీ అలాగే ఉంటాయి. డక్‌వర్త్ లూయిస్ (వాన వల్ల ఓవర్లు తగ్గితే టార్గెట్ సవరించే పద్ధతి) స్టాండర్డ్ పట్టికలో వికెట్లేమీ పడకుండా 15 ఓవర్లు మిగిలి ఉంటే వనరులు (పరుగులు చేయడానికి మిగిలిన అవకాశం) 45.2 శాతం, 10 ఓవర్లుంటే 32.1, 5 ఓవర్లుంటే 17.2. మొదటి టీమ్ 15 ఓవర్లూ ఆడి 120 కొట్టిందనుకోండి. రెండో ఇన్నింగ్స్ మొదలవ్వకముందే వాన పడి 10 ఓవర్లకు కుదిస్తే 120ని 32.1తో గుణించి 45.2తో భాగించాలి, 85.2 వస్తుంది. టార్గెట్ 86. సగటు లెక్కన అయితే 81. 5 ఓవర్లకు కుదిస్తే పట్టిక ప్రకారం 46, సగటు ప్రకారం 41. ఐదు పరుగులు ఐదు ఓవర్లలో చిన్న తేడా కాదు.

మొదలయ్యాక మధ్యలో వాన పడితే పడ్డ వికెట్లు కూడా లెక్కలోకి వస్తాయి, పట్టిక ప్రింట్ తీసి స్కోరర్ దగ్గర పెట్టండి. ఫలితం తేలాలంటే రెండో టీమ్ కనీసం 5 ఓవర్లు ఆడాలి అన్నది కూడా రాసుకోండి.

స్కోరు ఫోన్ యాప్‌లో ఒకరు, కాగితం మీద ఒకరు. ప్రతి ఓవర్ చివర మూడే మూడు అంకెలు సరిచూసుకోవాలి: మొత్తం, వికెట్లు, ఓవర్లు. తేడా అప్పుడే దొరికితే ఆరు బంతుల్లో వెతకొచ్చు, పదో ఓవర్‌కి దొరికితే ఎవరివల్లా కాదు.

కడప లెఫ్టీ | శనివారం, మధ్యాహ్నం 12:10

ఉరుములు వస్తే?

తెల్లకోటు | శనివారం, మధ్యాహ్నం 12:26

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేకపోతే అందరూ లోపలికి. చెట్టు కిందకి కాదు, పక్కా కప్పు కిందకో, కారులోకో. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. నవంబర్ కన్నా ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఆడేవాళ్ళకు ఇది ఎక్కువ అవసరం.

బెళ్ళందూర్ ఎలెవన్ | ఆదివారం, రాత్రి 8:45

అవతలి కెప్టెన్‌తో మాట్లాడాను. 15 ఓవర్లు, బౌలర్‌కి 3. మొదటి బంతి 6:30. మొదటి ఇన్నింగ్స్ పడమటి చివర నుంచే. తలకు దెబ్బ తగిలితే బదులు ఆటగాడికి ఒప్పుకున్నారు. ఆలస్యం నియమం ఉంచుదామన్నారు, మేమూ సరే అన్నాం. వైడ్ గీతలకు తెల్ల నాడా కొన్నాం. ఈ సాయంత్రం ఇద్దరు వెళ్ళి చూసొచ్చారు: ఔట్‌ఫీల్డ్ సగం పచ్చిక, సగం మట్టి, పడమటి చివర బౌలర్ చేతి వెనక సున్నం కొట్టిన గోడ ఉంది. అందుకని ఎర్ర బంతి. తాడు గ్రౌండ్‌లో లేదట, మేమే తెస్తున్నాం. చాపకి మాత్రం మేకులు కొన్ని వంగి ఉన్నాయి, ఒక పక్క అసలే లేవు. మేం తీసుకెళ్ళాలా?

చాప వికెట్ | ఆదివారం, రాత్రి 9:20

తీసుకెళ్ళండి. జానెడు పొడవు, వెడల్పాటి తల ఉన్న ఇనప మేకులు ముప్పై. చిక్‌పేట్ వైపు హార్డ్‌వేర్ కొట్లలో కిలోల లెక్కన దొరుకుతాయి. వంగినవాటిని సరిచేసి మళ్ళీ కొట్టొద్దు, అవి నేలలో నిలవవు, ఆట మధ్యలో తల పైకి తేలతాయి. వాటి స్థానంలో కొత్తవి పాత రంధ్రానికి రెండు వేళ్ళ పక్కన కొట్టండి, అదే రంధ్రంలో పట్టు ఉండదు. సుత్తులు రెండు, ఒక్కో చివరకు ఒకటి. మేకులు పీకడానికి ఒక గుణపం. మ్యాచ్ అయ్యాక ముప్పై మేకులూ లెక్కపెట్టుకుని బయటకు రండి, తర్వాతి టీమ్ వాళ్ళు ఆ గడ్డి మీదే డైవ్ చేస్తారు.